మూడు రింగుల వదులు

మా వదిన నోటివల్లే నా కూతురు తిండి మానేసింది. ఆ సంగతి నేను వానలు మొదలవకముందే తేల్చేసుకున్నాను. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాను.

సాక్ష్యం కూడా ఉంది. నా భార్య పోయిన నెల్లాళ్ళకి, ఇంటినిండా మనుషులుండగా, వదిన నా కూతురి భుజాలు పట్టుకుని ఎగాదిగా చూసింది. "అచ్చు మీ అమ్మే. ఆ భుజాలూ, ఆ చేతులూ, ఆ ఒళ్ళూ. మా చెల్లెల్ని దింపేసినట్టున్నావే అమ్మడూ" అంది. నా భార్య బొద్దుగా ఉండేది. గుండె ఆగి పోయింది. పదిహేడేళ్ళ పిల్ల ఆ రెండూ కలుపుకుంటే ఏమవుతుంది? అదే అయింది.

నేను మరిచిపోయే మనిషిని కాను. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మూడో తరగతిలో నా పలక పగలగొట్టినవాడితో ఇంతవరకూ మాట్లాడలేదు. బతకడానికి నేను వచ్చిన ఊరికే వాడూ వచ్చాడు. మూడు వీధుల అవతల ఉంటాడు. ఎదురైతే రోడ్డు దాటి అటువైపు నడుస్తాను.

నాది వెండిపని. ఇంటి ముందుగదే కొట్టు, వెనక వంటిల్లు, పైన రెండు గదులు. గొలుసులు, కడియాలు, ఉంగరాలు చేత్తో చేస్తాను. కొలతకి టేపు వాడను. మనిషి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతూ మాట్లాడుతుండగానే మణికట్టు ఎంతో నాకు తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు నమ్మక కొలిచి చూసుకుంటారు. తర్వాత నోరు మూసుకుంటారు. కాస్త వదులుగా చెయ్యమని ఎవరైనా అంటే వెనక్కి పంపేసేవాణ్ణి. కొలతకి కొలత. నా దగ్గర వదులు లేదు.

అంత కన్నుకీ నా ఇంట్లో పిల్ల కనబడలేదు.

ఎండాకాలం చివర ఓ పొద్దున వదిన కొట్టులోకి వచ్చింది. ఆవిడ దర్జీ. పక్కవీధిలో ఒక్క మిషను పెట్టుకుని కుడుతుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు, మాటలు మాత్రం పదిమందికి సరిపడా ఉన్నాయి. వీధిలో ఆవిణ్ణి రేడియో అంటారు. ఆ రోజు రేడియో మోగలేదు. చంకలోంచి నా కూతురి చొక్కా తీసి, నేను వెండి కొట్టే దాగలి మీద పరిచింది.

"ఇది మూడోసారి వచ్చింది నా దగ్గరికి, ఇంకా లోపలికి కుట్టమని. ఇక కుట్టడానికి చోటు లేదు. చూడు."

"ఈ కాలం పిల్లలు. ఫ్యాషన్లు."

"ఫ్యాషనా నీ మొహమా! ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ కొలుస్తావు. దాని చెయ్యి చూసి ఎన్నాళ్ళయింది?"

మెట్ల దగ్గరికి వెళ్ళి కేకేశాను. అమ్మాయి దిగివచ్చింది. అంత ఎండలోనూ వేళ్ళదాకా చేతులున్న చొక్కా. "చెయ్యి చూపించు" అన్నాను, కొట్టుకి వచ్చినవాళ్ళని అడిగినట్టే. అది చాపింది. వదిన చొక్కా చెయ్యి పైకి మడిచింది.

ఆ కొలత నేనెవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

డాక్టరమ్మ ముందు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి అమ్మాయితో మాట్లాడింది. తోడుగా వదిన లోపలుంది. చాలాసేపటికి నన్ను పిలిచారు. వదిన కళ్ళు తుడుచుకుని ఉంది. చేసిన పనికి ఏడ్చిందనుకున్నాను.

"ఈ జబ్బు ఒక్కరివల్ల రాదు, ఒక్క మాటవల్ల రాదు" అంది డాక్టరమ్మ. "ఎవరు చేశారని వెతకడం మానేసి, ఏం చెయ్యాలో వినండి."

చదువుకున్నావిడ. వదిన మీద జాలిపడి అలా అందనుకున్నాను.

చెయ్యాల్సినవి ఇవి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదో ఒకటి, వేళకి. ఎదురుగా ఒకరు కూర్చుని తినాలి. తిన్నాక గంటసేపు పిల్లని ఒంటరిగా వదలకూడదు, చేతికి పని ఇవ్వాలి. వారం వారం తనకి చూపించాలి. తిండి గురించీ ఒంటి గురించీ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకూడదు. తిట్టకూడదు, మెచ్చుకోకూడదు.

"ఈ ఏడాదికి కాలేజీ వద్దు. వానాకాలం అయ్యేదాకా ఇంట్లోనే చూద్దాం. అప్పటికీ కుదుటపడకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ఇంకా ఆలస్యమైతే గుండెకి మంచిది కాదు."

గుండె అన్న మాట నాకు బాగా తెలుసు. ఇంకోసారి విననక్కర్లేదు.

మాట్లాడకుండా ఉండటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నా భయమంతా వదిన గురించే. మర్నాడే ఆవిడ కుట్టుమిషను రిక్షాలో వేసుకుని దిగింది.

"ఎక్కడ పెట్టను?"

"దేనికి?"

"నువ్వు వండాలి, దానికి నీ వంట అలవాటు. తిని చూపించడానికి ఒక మనిషి కావాలిగా. ఆ పని నాకొచ్చు."

అలా ముందుగది రెండు ముక్కలైంది. కిటికీవైపు ఆవిడ మిషను, గోడవైపు నా దాగలి. నేను సుత్తి ఆపితే మిషను మోగుతుంది, మిషను ఆగితే ఆవిడ నోరు. నేను ఆవిడతో పనికి కావలసినంతే మాట్లాడేవాణ్ణి. ఉప్పు, కత్తెర, దీపం. అయినా వడ్డించేవాణ్ణి. శత్రువుకైనా వడ్డించకుండా తినడం మా ఇంట్లో లేదు.

మొదటి వారం భోజనాలు తలుచుకుంటే ఇప్పటికీ నడుం నొప్పి పుడుతుంది. అంత బిగుసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మాయి అన్నం మెతుకుల్ని వేలితో ఒక్కొక్కటీ వేరు చేసేది. వదిన చూసేది. పెదవులు కదిలేవి. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, ఊపిరి పీల్చుకుని, కిటికీవైపు తిరిగి, "వాన బాగా పడుతోంది" అనేది. నిజంగానే పడుతుండేది. మొదట్లో.

ఓరోజు అమ్మాయి కంచంలో పెట్టినదంతా తినేసింది. నేను పళ్ళు బిగబట్టి నా కంచంలోకి చూసుకున్నాను. బయట ఎండ ఫెళ్ళుమని కాస్తోంది. వదిన మొహం ఎర్రబడింది.

"అబ్బ! ఏం వాన! ఏం వాన!"

అమ్మాయి కిటికీలోంచి బయటికి చూసింది. పెద్దమ్మని చూసింది. పక్కున నవ్వింది. తల్లి పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

"వరదలొచ్చేలా ఉన్నాయి పెద్దమ్మా" అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో తిండి గురించి చెప్పాలనుకున్నదంతా వాన గురించే చెప్పుకున్నాం. ముసురు, జల్లు, చినుకు కూడా లేదు. బయటివాళ్ళు వింటే మా ముగ్గురికీ మతి పోయిందనుకునేవాళ్ళు. కొందరు అనుకున్నారు కూడా.

చేతికి పని నేనిచ్చాను. నాకొచ్చింది ఒక్కటే పని. వెండితీగని సన్నం చెయ్యడానికి కమ్మచ్చు అని ఉక్కు పలక ఉంటుంది, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రం దాకా వరసగా. తీగ మొన దూర్చి పట్టకారుతో లాగాలి. అలా సాగిన తీగని ఇనపకడ్డీ చుట్టూ చుట్టి, రంపంతో కోస్తే రింగులు పడతాయి. ఒక్కో రింగునీ ఇంకోదాన్లో దూర్చి, మూతి కలిపి అతుకు వేస్తే గొలుసు. మాటల్లో ఇంతే. చేత్తో ఏడాది పడుతుంది.

మొదటిరోజు ఇరవై రింగులు చేసింది. పందొమ్మిది తీసి డబ్బాలో పడేశాను.

"అన్నీ బాగానే ఉన్నాయిగా నాన్నా."

"మూతి కలవలేదు. వెంట్రుక దూరుతుంది."

"ఎవరు దూరుస్తారు వెంట్రుక?"

"పోనీ ఆ ఒక్కటైనా బాగుందన్నాడు, పండగ చేసుకో" అంది వదిన మిషను దగ్గర్నుంచి. "తన పెళ్ళికి నేను కుట్టిచ్చిన చొక్కాకి మొహం చిట్లించిన మనిషి."

"జేబు వంకర" అన్నాను.

"ముప్పై ఏళ్ళయిందయ్యా!"

"ఇప్పటికీ వంకరే."

అమ్మాయి తల వంచుకుని నవ్వుతూ తీగ చుట్టింది. మర్నాడు మూడు నిలిచాయి. వారానికి సగం. తిన్న తర్వాత గంటసేపు అన్నది ఎప్పుడు రెండు గంటలైందో నాకు తెలియలేదు. దాని వేళ్ళకి నల్లమచ్చలు పడ్డాయి, గోళ్ళలో వెండిపొడి. గొలుసు దాని ఒళ్ళోకి జారుతూ పెరిగింది. మెచ్చుకోలేదు. పనిని మెచ్చుకోవద్దని డాక్టరమ్మ అనలేదు, నాకే అలవాటు లేదు.

అన్నీ సవ్యంగా ఏం జరగలేదు. వానాకాలం సగంలో ఓ మధ్యాహ్నం అమ్మాయి కంచం ముందు గంట దాటి కూర్చుంది. అన్నం ఎండిపోయింది. కొట్టులో మనిషి ఎదురుచూస్తున్నాడు. నా నోట్లోంచి ఊడిపడింది.

"ఒక్క ముద్దకి ఇంత రాద్ధాంతమా? తిని చావు!"

కంచం అక్కడే ఉంది. అది పైకి వెళ్ళిపోయింది. ఆ రోజూ మర్నాడూ పాలు తప్ప ఏమీ ముట్టలేదు, వదిన మెట్లమీద కూర్చుని గ్లాసు అందిస్తే.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? నువ్వేం చేశావు?" అని నా మీదికి వచ్చింది వదిన. "రెండు నెలల కష్టం ఒక్క మాటతో తుడిచేశావు కదయ్యా!"

"నువ్వా చెప్పేది? ఇదంతా తెచ్చిపెట్టింది ఎవరు? అందరి ముందూ దాని ఒళ్ళు చూసి ఆ మాటన్నది ఎవరు? నీ నోరు కాదూ?"

వదిన నోరు తెరిచింది. ఆవిడ నోరు తెరిచి మాట రాకపోవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కిటికీవైపు తిరిగింది.

"వాన బాగా పడుతోంది" అంది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

నేను గెలిచాననుకున్నాను.

మూడోరోజు అమ్మాయి తనంతట తనే దిగివచ్చి పనిలో కూర్చుంది. నన్ను పలకరించలేదు. తీగని సుత్తితో చదును చెయ్యబోయింది. కొట్టింది, కొట్టింది. తీగ పగిలింది. ఇంకోటి తీసింది. అదీ పగిలింది.

"వెండి కొట్టేకొద్దీ బిగుసుకుంటుంది" అన్నాను. "ఇంకా కొడితే పగుల్తుంది. మధ్యలో కాల్చాలి. మెత్తబడుతుంది."

"కాల్చి?"

"పక్కన పెట్టాలి. దానంతట అదే చల్లారాలి. తొందరపెట్టకూడదు."

అది నావైపు చూసింది. "అయితే నీకు తెలుసన్నమాట" అంది.

లోపలికెళ్ళి అరటిపండు తెచ్చి దాగలి చివర పెట్టి, నా పని చేసుకున్నాను. తలెత్తి చూసేసరికి తొక్క ఉంది. కిటికీ దగ్గర వదిన సన్నగా, "చినుకు పడింది" అంది.

ఆ తర్వాత మళ్ళీ అలాంటి రోజులు రెండు మూడొచ్చాయి. వచ్చి పోయాయి. వారం వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆవిడ వదినతో ఏదో చెప్పేది, వదిన తలూపేది. వానలు పలచబడ్డాయి. వీధిలో బురద గట్టిపడింది. అమ్మాయి చొక్కా చేతులు మోచేతిదాకా మడుచుకుని పనిచేస్తోంది. నేను చూడటం లేదు. చూడకుండా ఉండటం ఎంత పనో కన్ను అలవాటైనవాడికే తెలుస్తుంది. ఆశకొద్దీ చూస్తే కొలత కంట పడిపోతుంది, పడితే మొహంలో తెలిసిపోతుంది.

ఆఖరిసారి చూపించాల్సిన రోజుకి రెండు రోజుల ముందు, ఓ సాయంత్రం, వదిన గుండీలు కొనడానికి బజారుకి వెళ్ళింది. అమ్మాయి పైనుంచి దిగింది. కుడిచేతిలో కడియం. దాని తల్లిది. పెళ్ళికి నేనే చేశాను, అతుకు కనబడని గుండ్రటి కడియం. నా భార్య ముప్పై ఏళ్ళు తియ్యలేదు. ఆవిడ పోయాక అమ్మాయికిచ్చాను. అది వేసుకోగా నేను చూడలేదు.

దాగలి ముందు కూర్చుని, కడియాన్ని ఎడమచేతికి ఎక్కించబోయింది. బొటనవేలి బుడిపె దగ్గర ఆగిపోయింది.

"మళ్ళీ పట్టడం లేదు" అంది.

ఏమంటే ఏమవుతుందో తెలియదు. ఏమీ అనకపోతే ఏమవుతుందో అదీ తెలియదు. నాలుగు నెలలు మేం ముగ్గురం మోసింది ఆ బుడిపె దగ్గర ఆగి ఉంది.

"ఎండాకాలంలో పట్టింది" అంది. "జారి మోచెయ్యి దాకా వెళ్ళేది. అప్పుడు గెలిచాననుకునేదాన్ని." కడియం తీసి నా ముందు పెట్టింది. "కొయ్యి నాన్నా."

"మీ అమ్మది."

"అమ్మదని తెలుసు. కోసి, మధ్యలో నా గొలుసు వెయ్యి. నాకు వేసుకోవాలనుంది."

రంపం తీశాను. ముందు కడియం చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ చేతి రాపిడికి లోపలివైపు నున్నగా అరిగి ఉంది.

"ముందే అడగాల్సింది" అన్నాను. "ఇచ్చిన రోజే చెబితే పెద్దది చేసేవాణ్ణి."

"ఆ రోజే నువ్వన్నావుగా."

"ఏమని?"

"'మీ అమ్మ చేతికన్నా నీది ఓ నూలు ఎక్కువ' అని."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

"కొలత చెప్పాను" అన్నాను.

"తెలుసు. కొలతే చెప్పావు." గొంతులో కోపం లేదు. "అదొక్కటే కాదు నాన్నా. అమ్మ లేదు, ఇంట్లో మాటల్లేవు, చాలా ఉన్నాయి. డాక్టరమ్మ దగ్గర అన్నీ చెప్పుకున్నాను. మొదలు మాత్రం అక్కడ."

"మరి మీ పెద్దమ్మ అన్నమాట?"

"అమ్మలా ఉన్నానంది. నాకు నచ్చింది."

కడియాన్ని దాగలి మీద పెట్టాను.

"మీ పెద్దమ్మకి తెలుసా?"

"మొదటిరోజే తెలుసు. డాక్టరమ్మకి చెప్తుంటే పక్కనే ఉందిగా. నీతో చెప్తానంటే పెద్దమ్మే వద్దంది."

"ఎందుకు?"

"'మీ నాన్న నన్ను తిట్టుకుంటూ అయినా మూడు పూటలా వండుతున్నాడు. తనని తాను తిట్టుకోవడం మొదలుపెడితే పొయ్యి వెలిగించడు. ముందు నువ్వు తిను, తర్వాత చూద్దాం' అంది."

రంపానికి బ్లేడు బిగించాను. బిగించడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. కడియం కోశాను. రెండు కొసల్లో రంధ్రాలు వేసి, ఒకదానికి కొక్కెం పెట్టాను. అమ్మాయి తన గొలుసు తెచ్చి పక్కన పరిచింది.

"ఎన్ని రింగులు కావాలి?" అంది, చెయ్యి నా ముందుకి చాపి.

చూశాను. నాలుగు. కన్ను చెప్పేసింది. నోటిదాకా వచ్చింది.

"నువ్వే చూసుకో" అన్నాను.

అది కడియం చేతికి పెట్టుకుని, రింగులు లెక్కపెట్టుకుని, ఏడు కోసుకుంది. నాలుగో రింగుకి కొక్కెం తగిలించింది. మూడు రింగులు కిందికి వేలాడాయి.

"ఇవి?"

"ఉండనీ. పెద్దమ్మ బట్టల్లో లోపల గుడ్డ వదుల్తుందిగా. ఎప్పుడైనా విప్పుకోవచ్చని. అలా."

ముప్పై ఏళ్ళుగా వదులు లేని పని చేసినవాణ్ణి. గొలుసుని కడియం కొసకి తగిలించి అతుకు నేనే వేశాను. వెంట్రుక కాదు కదా, వెలుగు కూడా దూరదు.

వదిన వచ్చేసరికి అన్నం పొయ్యి మీదుంది. గుండీల పొట్లం పెడుతూ అమ్మాయి చెయ్యి చూసింది. కడియాన్ని చూసింది. వేలాడుతున్న మూడు రింగుల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది.

"ఏమయ్యా" అంది మెల్లగా.

చెప్పాల్సింది చాలా ఉంది. నాలుగు నెలలు వీధి వీధంతా చెప్పిన మాట ఉంది. ముందుగదిలో ఉప్పూ కత్తెరా తప్ప ఇంకేమీ మాట్లాడని నాలుగు నెలలున్నాయి. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"వాన బాగా పడుతోంది వదినా" అన్నాను.

బయట చుక్క లేదు. ఆవిడ కొంగుతో మొహం ఒత్తుకుంది.

"పడుతోంది, పడుతోంది. తడిసి ముద్దయ్యాం. వడ్డించు, ఆకలేస్తోంది."

"నాక్కూడా" అంది అమ్మాయి.

కంచాలు పెట్టాను. ముగ్గురం తిన్నాం.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ ఆసుపత్రి అక్కర్లేదంది. ఇంకా చాలా దూరం ఉందని కూడా అంది. నిజమే. ఏడాది పైన పట్టింది. నడిచాం. మరుసటి ఏడాది అమ్మాయి కాలేజీకి వెళ్ళింది, చదువు ముగించుకుని వచ్చి నా ఎదురుగా దాగలి వేసుకుని కూర్చుంది. దాని గొలుసులు అడిగి కొంటున్నారు. మా కొట్టులో ఏ కడియానికైనా, ఏ గొలుసుకైనా ఇప్పుడు మూడు రింగులు ఎక్కువుంటాయి. ఎందుకని అడుగుతారు. మా పద్ధతి అంటాను.

వదిన మిషను మళ్ళీ వెనక్కి పోలేదు. కిటికీ దగ్గరే ఉంది. ఆవిడ కుట్టిన చొక్కాలే వేసుకుంటున్నాను. జేబు ఇప్పటికీ వంకరే. కొట్టుకి వచ్చేవాళ్ళు పాత మాట ఎత్తితే, తప్పు నాదని చెప్పి పంపేస్తాను. వదిన మాత్రం ఆ మాట వాళ్ళ చెవిన పడనివ్వదు, తన రేడియో పెంచుతుంది.

ఇదంతా అమ్మాయి రాయమంటే రాశాను. ఇలాంటి ఇల్లు ఇంకోటి ఉంటుంది, చదువుకుంటారు అంది. రాశాను, అయిపోయింది. నేను మరిచిపోయే మనిషిని కాను. పలక పగలగొట్టినవాడితో ఎలాగో, ఓ నూలు ఎక్కువన్నవాడితోనూ అలాగే. వాడి సంగతి నా దగ్గర ఎత్తకండి. నేను మాట్లాడను.